ఆ ఫామ్ గురించి, ఇకపై పంపబోయే ఫామ్‌ల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ వారం గేటు దగ్గర ఏ ఇద్దరు కలిసినా ఫామ్ మాటే నడుస్తోందని నాకు తెలుసు. అందుకే ముందు అదే చెప్తాను. సైన్స్ యాత్ర కోసం మేం పంపిన ఆన్‌లైన్ ఫామ్‌లో పిల్లల ఆరోగ్య వివరాలు అడిగాం. మంగళవారం రాత్రి ఒక తల్లి ఫామ్ నింపి సబ్మిట్ నొక్కాక, అంతకుముందు వచ్చిన జవాబులు చూడొచ్చంటూ ఒక లింక్ కనిపించింది. తెరిస్తే అప్పటిదాకా నింపినవాళ్లందరి జవాబులూ ఉన్నాయి. పేర్లన్నీ ఒకచోట, ఆరోగ్య సమస్యలన్నీ ఇంకోచోట. ఏది ఎవరిదో పక్కపక్కన రాసి లేకపోయినా, ఒకే తరగతి పిల్లల తల్లిదండ్రులకు పోల్చుకోవడం ఎంతసేపు? ఆమె వెంటనే నాకు ఫోన్ చేశారు. పావుగంటలో ఆపేశాం.

ఎవరో హ్యాక్ చేశారన్న మాట నిజం కాదు. గూగుల్ ఫామ్స్‌లో జవాబుల సారాంశాన్ని నింపినవాళ్లకు చూపించే సెట్టింగ్ ఒకటి ఉంది. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. వార్షికోత్సవం తేదీ కోసం పెట్టిన ఓటింగ్ ఫామ్‌లో, ఫలితం అందరికీ తెలియాలని మేమే దాన్ని ఆన్ చేశాం. ఈసారి తొందరలో ఆ ఫామ్‌కే కాపీ తీసి ప్రశ్నలు మార్చాం. పాత సెట్టింగ్ కూడా వెంట వచ్చేసింది. పంపేముందు ఒక్కసారి నింపి చూసుకుంటే మా కంటపడేది. తప్పు మాదే, బాధ్యత నాది. ఏ కుటుంబం వివరాలు బయటపడ్డాయో వాళ్లందరితో నేనే మాట్లాడి క్షమాపణ అడిగాను. ఇక్కడ మళ్లీ అడుగుతున్నాను.

అయితే ఒక మాట మీకూ చెప్పాలి. లింక్‌లో ఆ పేజీని చూసినవాళ్లు కొద్దిమందే. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి "చూశారా ఎలా ఉందో" అని గ్రూపుల్లో పెట్టాక చూసినవాళ్లు ఎంతమందో లెక్కలేదు. లింక్‌ను మేం మూసేయగలిగాం, స్క్రీన్‌షాట్‌ను మూసేయలేం. ఆ జాబితాలో ఉన్నవి మన పిల్లల జబ్బులు. దయచేసి మీ ఫోన్లలో ఉంటే ఈరోజే తీసేయండి.

అసలు నన్ను ఎక్కువగా బాధపెట్టిన సంగతి సెట్టింగ్ కాదు. ఆ ఫామ్‌లో 23 ప్రశ్నలున్నాయి! ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చే యాత్రకు తండ్రి ఉద్యోగం ఎందుకు? పుట్టిన తేదీ ఎందుకు, అది అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉండగా? ప్రశ్న టైప్ చేయడానికి అర నిమిషం పట్టదు కాబట్టి అడిగేస్తున్నాం. కాగితం రోజుల్లో పేజీ నిండిపోతే ఆగేవాళ్లం, ఇక్కడ ఆపేది ఏదీ లేదు. కానీ అడిగిన ప్రతి వివరాన్నీ మేం దాచాలి, కాపాడాలి, పని అయ్యాక చెరిపేయాలి. ఫామ్‌లో జవాబులు తీసేసినంత మాత్రాన దానికి జోడించిన షీట్‌లో, అంటే జవాబులన్నీ పట్టికలా చేరే చోట, పోవు, అక్కడా విడిగా తీసేయాలి. అందుకని ఇకపై ఏ ఫామ్‌లోనైనా ప్రతి ప్రశ్న పక్కన "ఈ జవాబుతో ఎవరు ఏం చేస్తారు?" అని టీచర్లు రాసి నాకు చూపించాలి. రాయలేకపోతే ఆ ప్రశ్న తీసేస్తాను. నేను ఈ బడిలో ఉన్నంతకాలం ఇది మారదు.

ఇప్పుడు సంతోషం కలిగించే మాట. కొత్త ఫామ్ తయారుచేసింది మన కంప్యూటర్ క్లబ్ పిల్లలు, తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు, ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు. జవాబులు వాళ్లకు కనిపించవు, ప్రశ్నలు కూర్చడం వరకే వాళ్ల పని. 23 ప్రశ్నలను తొమ్మిదికి తెచ్చారు. మందులు వాడుతున్నారా అన్నదానికి "లేదు" అంటే మందుల వివరాల పేజీ అసలు రాకుండా సెక్షన్లు పెట్టారు. ఫోన్ నంబరులో ఒక అంకె తగ్గినా ఫామ్ ముందుకు కదలదు. ఆ అబ్బాయి దాన్ని ఇంటికి తీసుకెళ్లి వాళ్ల నాయనమ్మ చేత నింపించాడు. "అలర్జీలు" అన్నచోట ఆవిడ ఆగిపోయారట. మర్నాడు వచ్చి ఆ ప్రశ్నను "తిండిలో గానీ మందుల్లో గానీ మీ బిడ్డకు పడనివి ఏమైనా ఉన్నాయా?" అని మార్చాడు. ఎంత చక్కని తెలుగు! ఇన్నేళ్లుగా ఫామ్‌లు రాస్తున్న మాకెవ్వరికీ తట్టలేదు. వాళ్ల ముగ్గురినీ సోమవారం అసెంబ్లీలో అందరి ముందూ మెచ్చుకుంటాను.

ఇక మీ ఇళ్లలో జరిగేవి, మన్నించండి, చెప్పక తప్పదు. "నింపేశాం మేడమ్" అంటారు, చూస్తే సబ్మిట్ నొక్కి ఉండరు. అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి నింపుతారు, రెండింటిలో నంబర్లు వేరు. ఒక్కసారే నింపేలా కట్టడి పెట్టొచ్చు గానీ, అలా చేస్తే ప్రతి ఒక్కరూ గూగుల్ అకౌంట్‌తో లాగిన్ కావాలి. అకౌంట్ లేనివాళ్లను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక పెట్టలేదు. పొరపాటు దొర్లితే మళ్లీ మొదటినుంచి నింపకండి, సబ్మిట్ చేశాక వచ్చే పేజీలోనే జవాబు సవరించుకునే లింక్ ఉంటుంది. ఫామ్ ఉండగా వివరాలు గ్రూపులో మెసేజ్ పెట్టొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, అనుమతి ఇవ్వాల్సింది మీరు. ఫోన్ పిల్లల చేతికిచ్చి "నువ్వే కొట్టేయ్" అంటే, వాళ్ల యాత్రకు వాళ్లే సంతకం పెట్టుకున్నట్టు.

లైబ్రరీ పుస్తకాలు శుక్రవారంలోగా తిరిగివ్వాలి, ఐడీ కార్డులు వచ్చేశాయి, యూనిట్ టెస్టుల టైమ్‌టేబుల్ డైరీల్లో ఉంది.

కొత్త ఫామ్ లింక్ సోమవారం ఉదయం బడి నంబరు నుంచే వస్తుంది. వేరే ఎవరి దగ్గర నుంచి వచ్చినా తెరవొద్దు. పాస్‌వర్డ్ గానీ బ్యాంకు వివరాలు గానీ మేం ఏ ఫామ్‌లోనూ అడగం. జవాబులు చూసేది క్లాస్ టీచరు, ఆఫీసు గుమస్తా, నేను. యాత్ర ముగిసిన వారంలో అన్నీ చెరిపేసి, చెరిపేశామని మీకు మెసేజ్ పెడతాం. గురువారం సాయంత్రం ఐదింటికి ఫామ్ మూసుకుంటుంది. ఆన్‌లైన్‌లో నింపడం కుదరనివాళ్లకు అవే తొమ్మిది ప్రశ్నలు కాగితం మీద ఆఫీసులో ఉంచాం. వచ్చి అడగండి, మొహమాటం వద్దు.

మీ ప్రధానోపాధ్యాయురాలు