పార్కింగ్ లైట్లతో బండి నడపకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత కార్ల ర్యాలీ ఫొటోలు చూసి మురిసిపోయాను. ఒక్క ఫొటో దగ్గర మాత్రం మనసు చివుక్కుమంది. మునిమాపు వేళ రోడ్డు మీద పోతున్న కారుకి హెడ్‌లైట్లు లేవు, పార్కింగ్ లైట్లే వెలుగుతున్నాయి.

ఆ పొరపాటు నేనూ చేశాను. మా నాన్నగారి 1951 షెవర్లేలో లైట్ల నాబ్‌ని ఒక మెట్టు లాగితే పార్కింగ్ లైట్లు, రెండో మెట్టుకి హెడ్‌లైట్లు. బండి మెల్లగా పోతున్నప్పుడు పాత డైనమో సరిగా ఛార్జ్ చేయదు. బ్యాటరీ మిగులుతుందని ఆ సాయంత్రం ఒక మెట్టే లాగి బయల్దేరాను. ఎదుటి నుంచి లారీని దాటుకుంటూ వచ్చిన స్కూటరతనికి మీదికొచ్చేదాకా నేను కనపడలేదు. మడ్‌గార్డుని రాసుకుంటూ పోయాడు. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఆ పార్కింగ్ లైటు బల్బులో రెండు ఫిలమెంట్లు (వెలిగే తీగలు) ఉంటాయి. బండి మలుపు తిరిగేటప్పుడు వెలిగే సిగ్నల్‌ది 21 క్యాండిల్ పవర్ (వెలుగుకి పాత కొలత), పార్కింగ్‌ది 3. అది ఆగి ఉన్న బండి ఆనవాలు చెప్పడానికి పెట్టిన దీపం.

ఇంటికొచ్చి చూస్తే, అందులోనూ ఎడమది మిణుకుమిణుకుమంటోంది. బల్బు మార్చినా అంతే. హోల్డర్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి ఒక వైరు ఆనించగానే భగ్గున వెలిగింది. లోపం ఎర్త్‌ది, అంటే బండి ఇనుము గుండా కరెంటు బ్యాటరీకి తిరిగెళ్లే దారిది! దీపం గిన్నె మడ్‌గార్డుకి బిగించే స్క్రూ చుట్టూ తుప్పు, దాని మీద ఎప్పుడో వేసిన పెయింటు. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, విడిగా ఒక ఎర్త్ వైరు కూడా వేశాను. 6 వోల్టుల బండిలో తుప్పు దగ్గర ఒక్క వోల్టు పోయినా వెలుగు దాదాపు సగమైపోతుంది. 12 వోల్టుల బండిలో నష్టం అంత ఉండదు.

ఇంకొకటి. ఆ కాలపు చాలా అమెరికన్ కార్లలో హెడ్‌లైట్లు వేయగానే పార్కింగ్ లైట్లు ఆరిపోతాయి. ఒక హెడ్‌లైట్ మాడిపోతే ఎదుటివాళ్లు మోటార్‌సైకిల్ అనుకుంటారు. అందుకే 1960ల చివర్లో రెండూ కలిసి వెలిగేలా మార్చారు. నేనూ వైరింగ్ అలాగే మార్పించాను. అసలుతనం పోయిందని కొందరు మిత్రులు నొచ్చుకున్నారు. నాకైతే ఏ బాధా లేదు.

ఇకపై ర్యాలీ ఫొటోలు వేసేటప్పుడు, చీకటి వేళ హెడ్‌లైట్లు వేసుకున్న కార్లనే ఎంచుకోమని నా మనవి.

– ఒక పాత కారు యజమాని