మేఘాలయన్ అంటే ఆ రాష్ట్రం ఒక్కటే కాదు

సంపాదకుడు గారికి,

గ్రూప్స్‌కి చదివే పిల్లల్లో చాలామంది ‘మేఘాలయన్ యుగం’ అనగానే ఆ రాష్ట్ర చరిత్రో, ఖాసీ రాజుల కాలమో అనుకుంటున్నారు. వాళ్ల తప్పేం లేదు, ఆ పేరుతో పేపర్లో కనపడేవి టూరిజం, ఎన్నికల వార్తలే కదా.

నిజానికి భూమి చరిత్రను శాస్త్రవేత్తలు విడగొట్టిన కాలాల్లో మనం ఇప్పుడు బతుకుతున్న కాలం పేరే అది. సుమారు 4,200 ఏళ్ల కిందట మొదలైంది, 2018లో అంతర్జాతీయంగా ఖరారు చేశారు. చిరపుంజి దగ్గర మావ్‌మ్లూ గుహలో దొరికిన సున్నపురాతి స్తంభం వల్ల ఆ పేరొచ్చింది. కప్పు నుంచి కారే చుక్కల్లో కరిగిన సున్నం నేల మీద పొర మీద పొరగా పేరుకుని పైకి లేస్తుంది, ఆ పొరల్లో బరువైన ఆక్సిజన్ ఎంత, తేలికైనది ఎంత అని కొలిస్తే రుతుపవనాలు ఎప్పుడు బలంగా ఉన్నాయో, ఎప్పుడు చతికిలబడ్డాయో తెలుస్తుంది. అలాగే 4,200 ఏళ్ల కిందటి వానల కొరత బయటపడింది, ఈ యుగం మొదలుకి గుర్తుగా తీసుకున్నది దాన్నే. ఈజిప్టు, మెసొపొటేమియా, సింధు లోయ దెబ్బతినడానికి ఆ కరువే కారణమా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు, అది వేరే సంగతి.

నా బాధేమిటంటే, ప్రపంచానికంతటికీ కొలమానమైన రాయి మన దేశంలో దొరికితే మన సైన్స్ పేజీల్లో దాని ఊసే ఉండదు. ఆదివారం అనుబంధంలో ఆ రాతి కోత ఫొటోతో, కాలాల పట్టికతో ఒక పేజీ వేయండి సార్, పిల్లలు కత్తిరించి దాచుకుంటారు.

– ఒక పాఠకుడు, ఖమ్మం