ఓకే అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

బంగారం తాకట్టు కౌంటరు దగ్గర రోజూ జరిగే తంతు ఒకటి మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం. అప్పు కాగితాలు ఒక కట్ట. అంతా ఇంగ్లీషు, చీమల బారులాంటి అక్షరాలు. ఉద్యోగి వేలు పెట్టి చూపిస్తూ "ఇక్కడ, ఇక్కడ, వెనకాల ఇంకోటి" అని సంతకాలు చేయిస్తాడు. వడ్డీ, గడువు, వేలం, ఇన్సూరెన్సు అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసి "ఓకేనా అమ్మా?" అంటాడు. "ఓకే సార్" అంటుంది ఆవిడ. గడువు దాటి, గాజులు వేలానికి పెడుతున్నామని నోటీసు వచ్చాక లబోదిబోమంటూ అదే కౌంటరుకు వస్తుంది. "ఆ రోజు ఓకే అన్నారు కదమ్మా!" అన్నదే జవాబు. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక ఈ జవాబు చాలాసార్లు విన్నాను. చెప్పేశానని ఆ కుర్రాడు నిజంగానే అనుకుంటాడు. తనకెవరూ చెప్పలేదని ఆవిడా నిజంగానే అనుకుంటుంది.

అసలు ఈ ఓకేని మనం ఎన్ని రకాలుగా వాడతామో చూడండి. సినిమా ఎలా ఉందంటే "ఓకే" అంటాం, టికెట్ డబ్బులు దండగన్న మాటను మొహమాటంగా చెప్పడమది. సంబంధం ఓకే అయిందంటే ఇక తాంబూలాలే. డైరెక్టర్ "షాట్ ఓకే" అన్నాడంటే మళ్లీ తీయక్కర్లేదు. ఫోన్లో "ఓకే ఓకే" అంటే దయచేసి పెట్టెయ్యమని. ఇక ఆఫీసరో, డాక్టరో, వకీలో ఎదురుగా కూర్చున్నప్పుడు అనే ఓకే వేరు. పూర్వం "చిత్తం" అనేవాళ్లే, దానికి వారసురాలన్నమాట. మీరు చెప్పింది విన్నానండీ, మీ టైము తిననండీ, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుగా ఉందండీ అని మూడూ కలిపి ఒక్క మాటలో చెప్పడం. ఇందులో సమ్మతి ఎక్కడుంది?

ఈ మాట పుట్టింది కూడా పత్రికలోనే. 1839 మార్చి 23న అమెరికాలో 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్'లో అచ్చయింది. మాటల్ని కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, వాటికి పొడి అక్షరాలు పెట్టుకోవడం అప్పట్లో అక్కడి పత్రికలవాళ్లకు సరదా. 'ఆల్ కరెక్ట్'ని 'ఓల్ కొరెక్ట్' చేసి ఓ.కె. అన్నారు. మరుసటి ఏడు ఎన్నికల్లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ మనుషులు సొంతూరి పేరు మీద ఆయనకున్న 'ఓల్డ్ కిండర్‌హుక్' అనే ముద్దుపేరు కలిసొచ్చేలా ఓ.కె. క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయాడు, మాట మాత్రం నెగ్గింది. పాత పత్రికలన్నీ తిరగేసి ఈ సంగతి 1960లలో తేల్చినవారు ఆలెన్ వాకర్ రీడ్ అనే ప్రొఫెసరు. అంతా సరిగ్గా ఉందని చెప్పే మాటే తప్పు స్పెల్లింగులోంచి వచ్చిందన్నమాట!

సరదా సంగతి అలా ఉంచితే, మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 13వ సెక్షను చాలా సూటిగా ఉంటుంది. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి. చట్టం అడిగేది 'ఒకే', కౌంటరులో దొరికేది 'ఓకే'.

రిజర్వు బ్యాంకు కూడా ఊరుకోలేదు. అప్పు ముఖ్యాంశాల పత్రం ఆ అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలోనే ఉండాలని, వివరించి, అర్థమైందని రాయించుకోవాలని 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. బంగారం అప్పుల మీద 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాలు ఇంకా ఖచ్చితం. షరతులు ఆ ప్రాంతపు భాషలోగానీ, అప్పు తీసుకునే మనిషి కోరిన భాషలోగానీ చెప్పాలి. చదువురానివాళ్లయితే సాక్షి ముందు వివరించాలి, ఆ సాక్షి అప్పిచ్చే సంస్థ ఉద్యోగి కాకూడదు. ఈ చివరి ముక్క రాసినాయన ఎవరోగానీ కౌంటరు సంగతులు బాగా తెలిసినవాడు.

ఫోన్లో అయితే అడిగే మనిషి కూడా ఉండడు. ఓకే బటను పచ్చగా, పెద్దగా ఉంటుంది. వద్దనేది మూలన బూడిద రంగులో ఎక్కడో. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదో ఒకదానిలోనో చదువుకునే వీలు ఇవ్వాలి. అందులో తెలుగూ ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ఈ భాగం అమలుకు 18 నెలల గడువిచ్చారు. కంపెనీలు ఆ తెలుగును మెషీన్ అనువాదానికి వదిలేస్తే మాత్రం ఇంగ్లీషే నయమనిపిస్తుంది.

క్యూ బారెడుంటే ఇవన్నీ ఎవరు చెబుతారండీ అని నా పాత మిత్రులే అంటారు. సిబ్బంది కొరత నిజమే, కాదనను. అయినా "ఓకేనా?" బదులు "ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి, కట్టకపోతే ఏమవుతుంది, మీరు చెప్పండమ్మా" అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. ఆవిడ చెప్పలేకపోతే ఇంకోసారి వివరించాలి, అంతదాకా సంతకం పెట్టించకూడదు. తెలుగు పత్రం ఇవ్వని శాఖల మీద ఫిర్యాదు ఎవరికి చేయాలో కౌంటరు పక్కనే తెలుగులో రాసిపెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల బ్యాంకర్ల కమిటీలు వచ్చే సమావేశంలోనే దీన్ని అజెండాలో చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తెనాలి