శనివారం కొవ్వొత్తుల కచేరీ: అందరూ ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం 🙏

శనివారం సాయంత్రం 6:30కి, కర్నూలులో మన కాలనీ పక్క చర్చిలో కొవ్వొత్తుల వెలుగులో వయొలిన్ కచేరీ.

6:10కల్లా కూర్చోవాలి. తర్వాత తలుపులు మూసి ఫ్యాన్లు ఆపేస్తారు. గాలికి వత్తి రెపరెపలాడితే మైనం ఒకపక్కకే కారిపోతుంది. ఉక్క తప్పదు, నూలు బట్టలే వేసుకోండి. దీపాలు నడవలో నేలమీదే ఉంటాయి, కొంగులు, చున్నీలు అటు జారనివ్వకండి.

వాయించేది ఇటలీ స్వరకర్త వివాల్డీ కూర్చిన ‘ఫోర్ సీజన్స్’. 4 రుతువులు, ఒక్కోదానికి 3 భాగాలు. భాగాల మధ్య కాసేపు నిశ్శబ్దం వస్తుంది, అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టకండి. కళాకారులు కమాను (వయొలిన్ తీగల మీద ఆడించే కర్ర) పూర్తిగా కిందికి దించాకే కొట్టాలి.

వేసవి రెండో భాగంలో ఈగల రొద, మధ్యమధ్య ఉరుము వినిపిస్తాయి. మన ఎండలు ఎరిగినవాళ్లకు ఇట్టే అందుతుంది, చెవి పెట్టండి!

ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు, చీకట్లో స్క్రీన్ వెలుగు కళ్లలో కొడుతుంది. స్విచాఫ్ చేయండి.

ఎంతమంది వస్తున్నారో గురువారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి.