నీ బొటనవేలు చూశాను

మారతహళ్లి, బెంగళూరు

పాపా,

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు సంగటి ముద్ద తుంచుతుంటే చూశాను. కుడి బొటనవేలి గోటికి రెండు పక్కలా తోలు పీకి ఎర్రగా చేసుకున్నావు. ఊరుబిండి కారం తగలగానే "స్స్" అన్నావు. ఏమైందే అంటే చెయ్యి వెనక్కి లాక్కున్నావు. ఫోన్లో చెబితే "సరేలేమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాసి, మామ తెస్తున్న సంచిలో పెడుతున్నా. తిరుపతి చేరేసరికి చక్కిలాలు మిగులుతాయో లేదో గానీ ఉత్తరం మాత్రం చేరుతుంది.

పరీక్షల టెన్షన్లో పుస్తకం ముందు పెట్టుకుని గోళ్ల పక్కన తోలు పీకుతూ కూర్చుంటావని తెలుసు. తిట్టడానికి రాయట్లేదు. ఆ అలవాటు నా నుంచే వచ్చింది నీకు. బియ్యం ఏరుతూ ఏరుతూ నేనూ పీక్కునేదాన్ని. నాకు బుద్ధొచ్చింది 2024 ఎండాకాలంలో. అప్పుడు నా వేలికి కట్టు చూశావు గానీ కథంతా నీకు చెప్పలేదు.

ఆ మార్చిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి నీళ్లకు ఎంత కటకటో గుర్తుందిగా. మన మెస్సుకి ట్యాంకర్ వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. నీళ్లు కలిసొస్తాయని ఒకే టబ్బులో సబ్బు కలిపి గిన్నెలన్నీ అందులోనే ముంచేదాన్ని. పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా చెయ్యి ఆరింది లేదు. మధ్యలో చింతపండు పిసకడం, పచ్చిమిరపకాయలు నూరడం. ఒకరోజు చూపుడువేలి గోటి పక్కన తోలు ముక్క ఒకటి లేచింది. పంటితో పట్టి లాగాను. అది తెగక, పచ్చి కండలోకి చీలుకుంటూ పోయింది. మర్నాటికి వాచింది. మూడో రోజుకి ఆ వేల్లోనే గుండె కొట్టుకుంటున్నట్టు సలుపు.

పక్కింటి కన్నడామె చూసి "ఉగురుసుత్తు" అంది. మనం గోరుచుట్టు అంటాం. గోరుచుట్టుపై రోకలిపోటు అని ఎందుకన్నారో ఆ మధ్యాహ్నం తెలిసొచ్చింది, నాకు పడింది రోకలి కాదు, కుక్కర్ మూత. భాష వేరైనా వైద్యం మాత్రం ఒకటే: ఆమే చెప్పింది, కదిరి నుంచి మీ అవ్వా చెప్పింది, నిమ్మకాయకి బొక్కపెట్టి వేలికి తొడుక్కోమని. చల్లగా ఉంటుందన్నారు. చీలిన చోట పులుపు దిగేసరికి చుక్కలు కనబడ్డాయి. అయినా పెద్దవాళ్ల మాట కదా అని రాత్రంతా ఆ నిమ్మకాయతోనే కూర్చున్నా. తెల్లారేసరికి గోటి పక్కన పచ్చగా చీము.

డాక్టరమ్మ ముందు అడిగింది షుగరుందా అని. ఉన్నవాళ్లకు ఇవి త్వరగా ముదురుతాయట. చీము తీసి, మాత్రలు రాసి, అప్పుడడిగింది: "గోరు మొదట్లో తోలు కత్తిరిస్తారా?" కత్తిరించడమేంటి, నేను వారం వారం గీకేసేదాన్ని! గోరు మొదట్లో, గోటిని అంటుకుని పల్చటి పొర ఉంటుంది చూడు, క్యూటికల్ అంటారు కదా మీరు. అది మురికితోలు అనుకునేదాన్ని. చనిపోయిన తోలే, నిజమే, కానీ దానికొక పనుందట. గోటికీ వెనకున్న కండకీ మధ్య సందుని అదే మూసి ఉంచుతుంది. ఆమె చెప్తుంటే నాకు ఆవకాయ జాడీ గుర్తొచ్చింది. జాడీకి వాసెన గట్టిగా కడతాం. అది వదులైతే లోపలికి తడి చేరుతుంది, బూజు పడుతుంది. నేను నా పది వేళ్ల వాసెనా ఊడబీకి, వాటిని టబ్బులో ముంచుతూ వచ్చానన్నమాట.

వాపు వారంలో తగ్గింది. తగ్గింది కదా అని మళ్లీ అదే టబ్బు. నెలన్నర దాటినా గోటి మొదలు ఉబ్బే ఉంది, ఆ పొర మళ్లీ రాలేదు. రెండోసారి వెళ్తే ఆమెకి కోపం వచ్చింది. ఆరు వారాలు దాటితే దాని దారి వేరట. మాత్రల కన్నా చెయ్యి పొడిగా ఉంచుకోవడమే అసలు మందు అంది. పూతమందు ఇచ్చి, రబ్బరు గ్లవుజుల లోపల నూలువి వేసుకోమంది. వట్టి రబ్బరువైతే లోపల చెమట పట్టి అదీ తడే. ఇప్పుడు గిన్నెల దగ్గర నేనూ, రత్నమ్మా ఇద్దరం అలాగే వేసుకుంటున్నాం. మొదట్లో నవ్విన రత్నమ్మ ఇప్పుడు అవి లేకుండా సబ్బు ముట్టదు.

గోటి మీద అడ్డంగా గుంటలు పడ్డాయి, శెనక్కాయ చేలో సాళ్లు తీసినట్టు. గోరు పుట్టే చోటు దెబ్బతింటే అలా వస్తుందట. చేతిగోరు నెలకి మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఆ సాళ్లు చివరికొచ్చి నేను కత్తిరించేసరికి దీపావళి దాటింది.

నీది నాలాగా తడి కాదు, పొడి. ఈ చలిగాలి ఒకటి, బ్యాగులో ఆ శానిటైజరు ఒకటి, వారానికోసారి మార్చే నెయిల్ పాలిష్ ఒకటి. పాలిష్ తుడిచే అసిటోన్ తోలుని ఎండగొడుతుంది. ఎండిన తోలు లేస్తుంది, లేచింది కనబడితే నీ చెయ్యి ఊరుకోదు. కాబట్టి లేచినదాన్ని లాగకు. గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి, శుభ్రమైన కట్టర్‌తో పైకి లేచినంత వరకే కత్తిరించి, వాజెలిన్ రాయి. రాత్రి పడుకునే ముందు ప్రతి గోటి మొదట్లో కొబ్బరినూనె రుద్దు. పది వేళ్లకీ కలిపి ఒక నిమిషం పట్టదు. చదివేటప్పుడు బొటనవేలికి మందుల షాపులో దొరికే గుడ్డ ప్లాస్టర్ చుట్టుకో. చెయ్యి వెతుక్కుంటూ వెళ్తే తోలు బదులు ప్లాస్టర్ తగులుతుంది. నాకు పనిచేసిన ఉపాయం అది.

అత్త కూతురి పెళ్లికి అందరూ కలిసి పార్లర్‌కి వెళ్తున్నారట. వెళ్లు, వద్దనను. కూర్చోగానే "క్యూటికల్ కట్ చేయొద్దు" అని చెప్పు. తర్వాత చెబితే అప్పటికే కత్తిరించేసి ఉంటారు. వెనక్కి నెడతామంటే, నీళ్లలో నానాక, చెక్కపుల్లతో, మెల్లగా. ఇనప కొనతో గోరు మొదట గీకనివ్వకు. పది మందికి వాడిన సామాను ఎలా కడిగారో మనకేం తెలుసు, నీ కట్టర్ నువ్వు తీసుకెళ్లు. మొహమాటపడకు, డబ్బులిచ్చేది మనమే.

అన్నట్టు, నీ గోళ్ల మీద తెల్ల మచ్చలు చూసి కాల్షియం తక్కువేమో అన్నావు. చిన్నప్పుడు కొంగలు ఎగురుతుంటే చేతులూపి, గోళ్ల మీద పూలు వెయ్యమని అడిగేదానివి. ఇప్పుడు అడగకుండానే వేశాయి. అవి ఎక్కువగా గోటికి తగిలిన చిన్నచిన్న దెబ్బల వల్ల వస్తాయి. గోరుతో పాటు పెరిగి పోతాయి. దానికి మాత్రలు కొనకు.

ఎప్పుడైనా ఎర్రబడి వాస్తే గోరువెచ్చని నీళ్లలో రోజుకి మూడు నాలుగు సార్లు, పావుగంట చొప్పున ఉంచు. చీము కనబడినా, ఎరుపు వేలి మీదుగా పాకినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లు. సూదితో నువ్వే గుచ్చకు. అవ్వ ఫోన్ చేసి నిమ్మకాయ అంటే "సరే అవ్వా" అని ఊరుకో, ఆమెతో వాదన నేను చూసుకుంటా.

మామ బస్సుకి టైమైంది. సంచి అడుగున కొబ్బరినూనె చిన్న సీసా, ప్లాస్టర్ చుట్ట, కొత్త కట్టర్ ఉన్నాయి. కట్టర్ నీ రూమ్మేట్లకి ఇవ్వకు. ఆదివారం వీడియో కాల్ చేసినప్పుడు ముందు బొటనవేలు చూపించు, మొహం తర్వాత చూస్తా.

అమ్మ