పాపా, బెంగుళూరు బండికి అడ్వాన్సు పంపొద్దు

తిరుపతి,
ఆదివారం రాత్రి.

చి. పాపకు, నాయన ఆశీస్సులు.

మేమిక్కడ బాగున్నాం. నువ్వు పంపిన ఆ బెంగుళూరు ఏడు సీట్ల డీజిల్ బండి ఫోటోలన్నీ చూశాను. తెల్లగా, పైన అద్దాల కప్పుతో పెళ్లికొడుకులా ఉంది. అల్లుడికి ఎందుకు నచ్చిందో తెలుస్తూనే ఉంది. మన దగ్గర దొరికేవాటికన్నా లక్షన్నర తక్కువంటున్నారు కూడా. శుక్రవారం లోపు యాభై వేలు పంపకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని అమ్మేవాడు అన్నాడని రాశావే, ఆ మాటకు కంగారుపడి డబ్బు మాత్రం పంపొద్దు. బండి మనకు చూపించకుండానే అడ్వాన్సు అడుగుతున్నాడంటే, వాడికి బండి అమ్ముడుపోవడం లేదని అర్థం. ఫోన్లో చెబుదామంటే నువ్వు బ్యాంకు కౌంటర్లో ఉంటావు, "సరే నాయనా, సాయంత్రం చేస్తా" అంటావు. అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగైంది, అల్లుడికీ చదివి వినిపించు.

పాత వ్యాగన్ఆర్‌కు ఈ డిసెంబరుతో 15 ఏళ్లు నిండుతాయి, ఆ తర్వాత స్క్రాప్‌కే అని మీ బ్యాంకులో ఎవరో భయపెట్టారట. ఆ గొడవ ఢిల్లీ వైపుది. మన దగ్గర ఫిట్‌నెస్ పాసైతే రిజిస్ట్రేషన్ ఇంకో 5 ఏళ్లకు రెన్యూవల్ చేస్తారు. ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కట్టుకోవాలి, అంతే. అలాగని దాన్నే ఉంచుకోమని కాదు. స్టీరింగ్ రాక్ అయిపోయింది, ఏసీ కంప్రెసర్ మూలుగుతోంది, తోటలోకి పోయిన ప్రతిసారీ కింద రాయి కొడుతోంది. ఇంకో నలభై వేలు దాని మీద పోసినా అమ్మేటప్పుడు నాలుగు వేలు ఎక్కువ రావు. మార్చండి. కాకపోతే తరుముకొస్తున్నది ఏమీ లేదు, నింపాదిగా మార్చండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ బండి రోజూ తిరిగేదెంత? చిత్తూరులో ఇంటి నుంచి పిల్లల బడి, అక్కణ్ణుంచి బ్యాంకు. ఇంజను వేడెక్కేలోపే ఆపేస్తావు. ఎప్పుడో ఓ శనివారం తిరుపతికి, అదొక 70 కిలోమీటర్లు. అప్పుడప్పుడు పలమనేరు అవతల మీ మామగారి మామిడి తోట. ఏడుగురం ఒకే బండిలో ఎక్కేది గంగ జాతరప్పుడు తప్ప ఎప్పుడు? ఆ ఒక్క రోజుకు ఇన్నోవా అద్దెకు మాట్లాడదాం, డబ్బులు నేనిస్తా. దానికోసం ఏడు సీట్ల డీజిల్ బండిని ఏడాదంతా మేపడం ఎందుకు?

డీజిల్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బండ్ల పొగ తగ్గించడానికి బీఎస్-6 రూలు వచ్చింది. ఆ తర్వాతి డీజిల్ కార్లకు సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టుకుంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి. హైవే మీద కాసేపు ఆగకుండా పోతే దానంతట అదే కాలిపోతుంది. నీలాగా బడి దాకా, బ్యాంకు దాకా తిప్పితే మసి పేరుకుంటుంది. ముందు డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే పికప్ చచ్చిపోతుంది. మార్చాల్సి వస్తే లక్ష దాకా పోయే బండ్లున్నాయి. నేను డిపోలో చేరిన కొత్తలో బస్సు నల్లటి పొగ వదిలితే నాజిళ్లు విప్పి చూసేవాళ్లం. ఇప్పుడు ల్యాప్‌టాప్ తగిలించనిదే ఎవడూ బానెట్ ఎత్తడు. రోజూ బెంగుళూరు పోయొచ్చేవాడికి డీజిల్ బంగారం. నీకు పెట్రోలే.

అల్లుడు ఫోర్ వీల్ డ్రైవ్ గురించి కూడా అడిగినట్టున్నాడు. తోట దారికి కావాల్సింది కింద ఎత్తు, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ. వ్యాగన్ఆర్‌కు 165 మిల్లీమీటర్లు ఉంటుంది, బ్రెజ్జాకు 198, క్రెటాకు 190. ఆ మాత్రం ఎత్తు ఉంటే వానాకాలంలో కూడా తోట గేటు దాకా పోవచ్చు. గేటు దాటాక ట్రాక్టరే దిగబడే చోటికి కారు ఎందుకు?

ఇక ఆ బెంగుళూరు బండికున్న కేఏ నంబరు, అంటే కర్ణాటక నంబరు సంగతి. చిత్తూరులో ఉండేవాళ్లకు ఇటు వేలూరు, అటు కోలారు పక్కనే కాబట్టి పక్క రాష్ట్రం బండి మీద మోజు ఎప్పుడూ ఉండేదే. చెప్పే ధరలో మన లైఫ్ ట్యాక్స్ కలపరు. అక్కడి ఆర్టీఓ దగ్గర ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం తీసుకోవాలి, అది ఫారం 28. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి ఏపీ నంబరు తీసుకోవాలి. ఆ ట్యాక్సు నువ్వు కొన్న ధర మీద వేయరు. బండి కొత్తప్పటి ధర, దాని వయసు చూసి వేస్తారు. ఆ సైజు బండికి లక్షన్నర దాటినా ఆశ్చర్యపోవద్దు. కర్ణాటకలో కట్టిన ట్యాక్సులో మిగిలిన భాగం వాపసు అడగొచ్చు, నిజమే. దానికోసం నువ్వు సెలవు పెట్టి బెంగుళూరు తిరగాలి. "అదే నంబరుతో తిప్పుకోండి మేడమ్, ఎవరడుగుతారు" అని బ్రోకర్ అంటాడు. ఏడాదికి మించి ఇక్కడ ఉంచితే చట్టప్రకారం నంబరు మార్చాల్సిందే. ఆర్సీ, ఇన్సూరెన్సు పాత ఓనర్ పేరు మీద ఉండగా ఏదైనా జరిగితే అడిగేవాళ్లు చాలామందే వస్తారు.

ఆ ట్యాక్సు కట్టినా సరే, నాకు ఆ బండి మీద నమ్మకం లేదు. మూడో ఫోటో పెద్దది చేసి చూడు. 38 వేల కిలోమీటర్లే తిరిగిందంటున్నాడు, బ్రేక్ పెడల్ రబ్బరు చూస్తే గీతలన్నీ అరిగి నున్నగా అయింది. స్టీరింగ్ తోలు మెరుస్తోంది. ముప్పై ఎనిమిదిలో అంత అరగదు. బానెట్ ఎత్తి తీసిన ఫోటోలో, హింజి దగ్గరి బోల్టు తలల మీద పెయింటు ఊడి ఇనుము కనిపిస్తోంది. కంపెనీలో అవి బిగించాకే పెయింటు కొడతారు. అంటే ఆ బానెట్‌ను తర్వాత ఎవరో విప్పారు. విప్పారంటే ముందు తగిలి ఉండాలి. తగలడం నేరం కాదు, చెప్పకపోవడమే నాకు నచ్చలేదు.

నీళ్లలో మునిగిన బండి అయితే ఇంకా కష్టం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నైలో కార్లు ఎలా తేలాయో టీవీలో చూశావు కదా. అవన్నీ ఏమయ్యాయి అనుకుంటున్నావు? కడిగి, ఎండబెట్టి, సెంటు కొట్టి అమ్మినవీ ఉన్నాయి. మన ఎదురింటాయన ఆ మరుసటి వేసవిలో చెన్నై నుంచి ఒకటి తెచ్చుకున్నాడు. నాలుగు నెలలు బాగానే తిరిగింది. తర్వాత కిటికీ అద్దం దానంతట అదే దిగడం, హారన్ మోగుతూనే ఉండటం. ఒకరోజు నన్ను పిలిచాడు. నేను వైర్ల జోలికి పోలేదు. వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాను. పైనంతా శుభ్రంగా ఉంది. లోపల చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు మాత్రం బురద రంగులో గట్టిపడి, వేలితో రుద్దితే పొడిలా రాలింది. పాపం, ఆయన మొహం చూడలేకపోయాను. మన తిరుపతిలోనూ 2021 నవంబరు వానలకు కార్లు మునిగాయి, కాబట్టి చెన్నైని ఒక్కదాన్నే అనుమానించి లాభం లేదు. ఎక్కడి బండైనా బెల్టు లాగి చూడు, స్టెప్నీ తీసి దాని కింద తడి, తుప్పు చూడు, సీటు పట్టాల మీద చెయ్యి పెట్టు.

ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా గమనించు. తాళం తిప్పగానే అది వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే లోపల ఏదో తేడా ఉంది. అసలు వెలగనే లేదంటే ఇంకా అనుమానించాలి, పేలిన బ్యాగు మార్చకుండా లైటు పీకేసే మహానుభావులున్నారు. పిల్లల్ని కూర్చోబెట్టే బండి. పాటలపెట్టె ఎంత పెద్దదో తర్వాత చూసుకోవచ్చు. నెక్సాన్‌కు 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు వచ్చాయి, బ్రెజ్జాకు అదే ఏడాది 4. ఈ రెండింట్లో ఏదైనా నాకు ఇష్టమే.

ఇంతకీ నేను చూసిపెట్టిన బండి గురించి. నాతో డిపోలో పనిచేసిన ఆయన తమ్ముడు కాణిపాకం దగ్గర ఉంటాడు. 2020 బ్రెజ్జా పెట్రోల్, ఏపీ 39 నంబరు, మొదటి నుంచి ఒకే ఓనర్. 52 వేలు తిరిగింది, ఆ లెక్క సర్వీసు బిల్లులతో సరిపోయింది. కాణిపాకంలో ప్రమాణం చేసి చెబుతానన్నాడు. నేను ప్రమాణం వద్దు, బిల్లులు తెమ్మన్నాను. తెచ్చాడు. టైర్లు మాత్రం మార్చాలి. టైరు పక్కన చివర నాలుగు అంకెలుంటాయి, వాటిలో 0820 అని ఉంది. 2020లో ఎనిమిదో వారం తయారీ. గీతలున్నాయని ఆయన అంటాడు కానీ రబ్బరు పగుళ్లిచ్చింది. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023కు ముందు బండ్లలో ఎక్కువ భాగం దానికోసం తయారైనవి కావు. మైలేజీ కొంచెం తగ్గుతుంది. పెట్రోలు పైపులు సర్వీసులో ప్రతిసారీ చూపించుకోవాలి.

ఏడున్నర లక్షలు అడుగుతున్నాడు. తాను కొన్నప్పటి ధర చెప్పి అక్కణ్ణుంచి తగ్గించుకుంటూ వస్తాడు. నువ్వు ఈరోజు కొత్త బండి ధర నుంచి మొదలుపెట్టు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారాక కొత్త కార్ల రేట్లు దిగాయి. చిన్నవాటికి 28 శాతం కాస్తా 18 అయింది, పెద్దవాటికి సెస్సు పోయి 40 దగ్గర ఆగింది. కొత్తవి దిగినప్పుడు పాతవీ దిగాలి కదా. టైర్ల ఖర్చు చూపించి 6 లక్షల 80 వేల దగ్గర ఆగు. ఏడు దాటితే లేచి వచ్చేద్దాం. చేతిలో ఉన్న ఎనిమిది లక్షలూ బండికే పెట్టొద్దు. టైర్లు, ఆయిళ్లు, బ్రేక్ ప్యాడ్లు, బెల్టు, క్లచ్ అంటూ మొదటి ఆరు నెలల్లో ఖర్చు ఉంటుంది. బ్యాటరీకి టెన్షన్ లేదు, మన ఊరి పక్కన కరకంబాడిలోనే బ్యాటరీలు తయారుచేస్తారు.

కాగితాల విషయంలో బ్యాంకు ఉద్యోగివి, హైపోతికేషన్, అదే బండి మీద అప్పు గురించి నీకు నేను చెప్పడమేంటి! ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా రూపాయి ఇవ్వొద్దు. పేరు మార్చే 29, 30 ఫారాల మీద ఆయన సంతకాలు నీ ముందే పెట్టించుకో. చలానాలు ఆన్‌లైన్‌లో చూడు. బండి కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్సు కూడా మార్పించుకో. వ్యాగన్ఆర్ మీద ఇన్నేళ్లు ఇన్సూరెన్సు క్లెయిమ్ చేయనందుకు వచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్ ఉంది కదా, అది బండిది కాదు, నీది. అమ్మగానే కంపెనీ దగ్గర లెటర్ తీసుకుంటే ఈ బండి ప్రీమియంలో తగ్గిస్తారు. 3 ఏళ్ల లోపు వాడుకోవాలి.

పాత బండిని షెడ్డు అబ్బాయికే ఇచ్చేద్దాం అంటున్నాడు అల్లుడు. ఇవ్వండి, మంచి పిల్లోడే. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి మాత్రం చేతికివ్వొద్దు. బండి నలుగురి చేతులు మారినా, ఆర్సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ కేసులో పరిహారం కట్టాల్సింది వాళ్లే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మారిందని ఆన్‌లైన్‌లో నువ్వు చూసేదాకా తాళాలు నీ దగ్గరే ఉండనీ. దాని ఫాస్టాగ్ క్లోజ్ చేయించి, కొత్తదానికి వేరేది తీసుకో. 2025 ఆగస్టు 15 నుంచి తిరుమల కొండకు పోవాలన్నా ఫాస్టాగ్ ఉండాల్సిందే. పూజ చేయించడానికి అలిపిరికి వచ్చిన రోజు గుర్తొస్తే లాభం లేదు.

వచ్చే శనివారం పొద్దున ఆరున్నరకు కాణిపాకం రండి. బస్సులో నేను ముందే వచ్చి ఉంటాను. నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ఆయనకు గట్టిగా చెప్పాను. చల్లటి ఇంజను మొదటిసారి తిరిగినప్పుడు వచ్చే చప్పుడు, పొగ నాకు కావాలి. ఆయిల్ మూత తీసి చూస్తాను, ఆవిరిలా పొగ తోసుకొస్తే అక్కడితో ఆపేద్దాం. బాగుంటే అల్లుడు నడుపుతాడు, బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కి దిగుదాం. ఎక్కేటప్పుడు క్లచ్ జారుతోందా, దిగేటప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోందా, ఆ రెండూ అక్కడ తేలిపోతాయి. పిల్లల్ని తీసుకురావొద్దు, వాళ్లు ఎక్కి కూర్చుని ఇదే కావాలంటే ఆయన ధర తగ్గించడు.

బెంగుళూరు ఆయనకు ఈరోజే ఫోన్ చేసి వద్దని చెప్పేయ్. మీ అమ్మ ఊరగాయ జాడీ ఒకటి కట్టి పెట్టింది, అది నాతోపాటు వస్తుంది. వచ్చేటప్పుడు టార్చి ఒకటి, కింద పరుచుకోవడానికి పాత గోనెసంచి ఒకటి పట్టుకురా.

ఇట్లు,
మీ నాయన.