కెప్టెన్ నెమోని విలన్‌ని చేసిన మీ పిల్లల పుస్తకాల గురించి ఫిర్యాదు

ప్రచురణ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ సంక్షిప్త క్లాసిక్స్ సెట్‌లో ఫ్రెంచ్ రచయిత జూల్స్ వెర్న్ నవలలు రెండింటిలో ఉన్న తప్పులు, కత్తిరింపులు.

అయ్యా,

మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల కోసం నడుపుతున్న చిన్న లైబ్రరీకి మీ తెలుగు క్లాసిక్స్ సెట్ కొన్నాను. కాగితం బాగుంది, అక్షరాలు పెద్దవి, బైండింగ్ పిల్లల చేతుల్లో కూడా నిలిచేలా ఉంది. నా ఫిర్యాదల్లా ఆ రెండు నవలల్లోనూ కనిపించే జలాంతర్గామి నాయకుడు కెప్టెన్ నెమో గురించి.

'సముద్రగర్భంలో ఇరవై వేల లీగులు' వెనక అట్ట మీద ఆయన్ని "ప్రపంచం మీద పగబట్టిన పిచ్చి సైంటిస్టు" అని రాశారు. లోపలి బొమ్మల్లో కళ్లెర్రజేసి వికటంగా నవ్వుతూ తప్ప ఆయన కనిపించడు. ఇదేమిటని మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ఫోన్ ఎత్తినావిడ మర్యాదగా అంతా విని, "పిల్లల కథ కదండీ, విలన్ ఎవరో తెలియాలి కదా" అన్నారు. అది విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

విలన్ ఎవరో తేల్చి చెప్పాలన్న తొందర వెర్న్‌కే లేదు. కథ చెప్పే ప్రొఫెసర్ అరొనాక్స్ నెమో జలాంతర్గామి నాటిలస్‌లో నెలల తరబడి బందీగా ఉండి కూడా నెమోని మెచ్చుకోవాలో, చూసి భయపడాలో తేల్చుకోలేకపోతాడు. నవలకి ప్రాణం ఆ తేల్చుకోలేకపోవడమే. సైన్స్ ఫిక్షన్ చదివే నలుగురు ఒకచోట చేరితే ఇప్పటికీ నెమో గురించి వాదన తెగదు. మీరు మాత్రం వెనక అట్ట మీద ఒక్క లైన్‌లో తెంచేశారు.

మీరు పూర్తిగా తీసేసిన సిలోన్ (ఇప్పటి శ్రీలంక) భాగం సంగతి చెబుతాను. నాటిలస్ సిలోన్ దగ్గరికి చేరినప్పుడు నెమో తన అతిథుల్ని ముత్యాల చిప్పలు దొరికే చోటికి తీసుకెళ్తాడు. అక్కడ ఒక పేద భారతీయుడు కాళ్ల మధ్య రాయి పెట్టుకుని నీళ్లలోకి దిగుతూ, గుప్పెడు చిప్పలతో పైకి వస్తూ, మళ్లీ దిగుతూ ఉంటాడు. ఉన్నట్టుండి సొరచేప మీదికి వస్తుంది. ఎవరూ అడగకుండానే నెమో బాకు తీసుకుని దాని మీదికి దూకుతాడు. కింద పడిపోయి, చావు తప్పదనుకున్న క్షణంలో బందీల్లో ఒకడైన తిమింగిలాల వేటగాడు నెడ్ లాండ్ ఈటె విసిరి ఆయన్ని కాపాడతాడు. నెమో లేచీ లేవగానే స్పృహ తప్పిన ఆ మనిషిని పైకి తెచ్చి, ఊపిరి తెప్పించి, చేతిలో ముత్యాల సంచి పెడతాడు. మనుషులంటే గిట్టని మీరు ఈ మనిషి కోసం ప్రాణాలకు తెగించారేమిటని తర్వాత అరొనాక్స్ అన్నప్పుడు, అతను అణగదొక్కబడిన దేశపు మనిషి అనీ, తుదిశ్వాస దాకా తానూ ఆ దేశం వాడినేననీ నెమో జవాబిస్తాడు.

తెలుగు పిల్లల కోసం తెలుగులో వేసిన పుస్తకంలోంచి తీసేయడానికి మీకు ఈ భాగమే దొరికిందా? పేజీలు సరిపోలేదంటారేమో. ఆక్టోపస్ పోట్లాటకి బొమ్మలతో సహా తొమ్మిది పేజీలు ఇచ్చారు మరి. (అసలు నవలలో ఆ జంతువుని ఒక్కోచోట ఒక్కో పేరుతో పిలిచి తికమకపెట్టింది వెర్నే కాబట్టి దాని గురించి మీతో పేచీ పెట్టను.)

రెండో పుస్తకం 'రహస్య ద్వీపం'తో చేసింది ఇంకా అన్యాయం. 1874-75లో వచ్చిన ఆ నవలలో నెమో తన గతం తానే చెబుతాడు. ఆయన అసలు పేరు రాకుమారుడు దక్కర్. బుందేల్‌ఖండ్ రాజు కొడుకు, టిప్పు సుల్తాన్‌కి మేనల్లుడి వరస. ఆ చుట్టరికం ఎలా కుదిరిందో వెర్న్‌నే అడగాలి, అది వేరే సంగతి. 1857 తిరుగుబాటులో పోరాడాడు, భార్యాపిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పోగొట్టుకున్నాడు, తలకి వెల కడితే మిగిలిన కొద్దిమంది అనుచరులతో సముద్రంలోకి వెళ్లిపోయాడు. ద్వీపంలో చిక్కుకున్నవాళ్లకి పనిముట్ల పెట్టె దొరకడం, జ్వరంతో చావుబతుకుల్లో ఉన్న కుర్రాడికి క్వినైన్ అందడం, దొంగల ఓడ పేలిపోవడం, అన్నీ కనిపించకుండా ఆయన చేసినవే. మీ పుస్తకంలో ఈ మనిషి "గుహలో ఉన్న ఒక ముసలాయన". పేరు లేదు, ఊరు లేదు, కారణం లేదు.

ప్రచురణకర్తల చేతిలో నెమో ఇబ్బంది పడటం ఇదే మొదలు కాదు లెండి. రష్యన్ల చేతిలో కుటుంబాన్ని పోగొట్టుకున్న పోలండ్ దేశస్థుడిగా ఆయన్ని రాయాలని వెర్న్ మొదట అనుకున్నాడు. రష్యాలో గొడవ అవుతుందని ప్రచురణకర్త హెట్జెల్ ఒప్పుకోలేదు. అందుకే మొదటి నవలలో నెమోకి దేశం లేదు. తర్వాత ఇంగ్లీషు అనువాదకుడు మెర్సియర్ ఆ నవలలో ఐదో వంతుకు పైగా కోసేశాడు. 'రహస్య ద్వీపం' తొలినాటి ఇంగ్లీషు అనువాదంలో బ్రిటిష్ పాలన మీద నెమో అన్న మాటల్ని మార్చేశారు. వాళ్ల అవసరం అర్థం చేసుకోగలను, అది వాళ్ల సామ్రాజ్యం. మీకేం అవసరం వచ్చింది? పైగా సిలోన్‌లో ఆయన ఇచ్చిన జవాబుని మెర్సియర్ కూడా ఉంచాడు. మీరు ఉంచలేదు.

నెమో దేవుడని నేను అనడం లేదు. ముగ్గురిని బందీలుగా పెట్టుకున్నాడు. చివర్లో యుద్ధనౌకని మనుషులతో సహా ముంచేశాడు. ఆ అధ్యాయం చదువుతుంటే ఇప్పటికీ నాకు టెన్షన్‌గానే ఉంటుంది, దాన్ని మెత్తబరచమని అడగను. కానీ ఓడ మునిగిన వెంటనే ఆయన గదిలోకి వెళ్లి, ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు ఉన్న చిత్రం ముందు మోకరిల్లి ఏడుస్తాడు. మీరు ఓడ మునగడం ఉంచారు, ఏడవడం తీసేశారు. పుస్తకాన్ని కుదించడం అంటే ఇదా? నేరాలన్నీ ఉంచి, వాటి కారణాలన్నీ తీసేస్తే ఎవరైనా పిచ్చివాడిగానే కనిపిస్తారు.

ఇంకొకటి. "ఇరవై వేల లీగుల లోతుకి సాహసయాత్ర" అని అట్ట మీద వేశారు. వెర్న్ లెక్కలో లీగు అంటే 4 కిలోమీటర్లు. అది 80,000 కిలోమీటర్లు, సముద్రం లోపల తిరిగిన దూరం, లోతు కాదు. భూమి వ్యాసమే 12,700 కిలోమీటర్ల చిల్లర. మీ లోతు లెక్కన నాటిలస్ భూమిని ఇటునుంచి అటు ఆరుసార్లు తొలుచుకుని పోవాలి.

నేను కోరేవి ఇవి. మీ వెబ్‌సైట్‌లో ఈ రెండు పుస్తకాల పరిచయాన్ని వెంటనే మార్చండి, దానికి ప్రింటింగ్ ఖర్చు లేదు. తర్వాతి ముద్రణలో సిలోన్ భాగాన్నీ, దక్కర్ కథనీ తిరిగి చేర్చండి, అట్ట సరిచేయండి. ఏ భాషలోని ఏ అనువాదం నుంచి కుదించారో లోపలి పేజీలో రాయండి. డబ్బు వాపసు అక్కర్లేదు, సరిచేసిన ప్రతులు వచ్చాక ఈ రెండింటినీ మార్చి ఇస్తే చాలు. అప్పటిదాకా ఆ రెండూ మా లైబ్రరీ అలమరలోకి వెళ్లవు. బిల్లు జిరాక్సు, నేను గుర్తుపెట్టిన పేజీల ఫొటోలు దీంతో జతచేశాను. మీ జవాబు దయచేసి రాతపూర్వకంగానే పంపండి.

ఇట్లు,
మీ పుస్తకాలు కొనే పాఠకుడు,
విజయవాడ